పురానాపూల్ కమాన్ల కింద

మూసీ కంపు సంగతి ముందే చెప్పేస్తున్నా. ముక్కుకి గుడ్డ కట్టుకునైనా ఒడ్డుకి దిగాలి. పైనుంచి చూస్తే పురానాపూల్ అంటే కూరగాయల బజారే: తోపుడు బండ్లు, టమాటా గంపలు, గొడుగులు. పిట్టగోడ దాకా వెళ్లి తొంగిచూస్తే తప్ప కాళ్ల కింద వంతెన ఉందని తెలియదు. అఫ్జల్‌గంజ్ నుంచి ఆటోవాళ్లు అడిగేది వింటే ఒళ్లు మండుతుంది. ఏటి వెంట పడమటికి నడిచేయడమే మేలు.

ఇక్కడికి ఎవరితో వచ్చినా ఆ ప్రేమకథ వినక తప్పదు. వరద మూసీలో గుర్రం దూకించి భాగమతి కోసం వెళ్లాడట కులీ కుతుబ్ షా. తండ్రి, గోల్కొండ సుల్తాను ఇబ్రహీం హడలిపోయి వంతెన కట్టించాడట. వంతెన 1578 నాటిది. కొడుకు పుట్టింది 1565-66 ప్రాంతంలో. అంటే మన వీరప్రేమికుడికి అప్పుడు పన్నెండో పదమూడో! గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా మచిలీపట్నం రేవుకి పోయే దారి వానాకాలంలో ఏటి దగ్గర ఆగిపోకూడదు, కథలో లేని అసలు అవసరం అదీ. హైదరాబాద్ పుట్టింది 1591లో. ఊరికంటే వంతెనే పదమూడేళ్లు పెద్దది.

పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35, కమాన్లు 22. ఈ లెక్క కాస్త ఆగి చూడాలి. ఒక కమానూ ఒక స్తంభమూ కలిపి 27 అడుగులే. చిన్న కమాను పక్కలకి తన్నే బలం తక్కువ, కట్టేటప్పుడు కింద ఆసరాగా నిలిపే చట్రం, అదే సెంట్రింగ్, కూడా చిన్నదైతే చాలు. నెత్తిన చివరి రాయి బిగిశాక సెంట్రింగ్ తీసేస్తే, రాళ్లు వాటి బరువుతో అవే ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుంటాయి. చిక్కల్లా స్తంభాలతోనే. అన్నేసి స్తంభాలు ఏటికి అడ్డంగా నిలబడితే వరద ఎగువన ఎగదన్నుతుంది, సందుల్లోంచి వడిగా దూకి పునాదుల కింది మట్టిని కోసేస్తుంది. 1820 వరదకి దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగుచేయించాడు. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరదలో మూసీ మీది మిగతా మూడు వంతెనలూ కొట్టుకుపోయాయి. రెండు ఒడ్లనీ కలుపుతూ మిగిలింది ఈ ముసలిదే.

పదిహేడో శతాబ్దంలో వచ్చిన వజ్రాల వర్తకుడు తావెర్నియే, పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకి ఇది అందంలో పెద్దగా తీసిపోదన్నాడు. తమాషా ఏంటంటే, అక్కడ దాని పని మొదలైందీ 1578లోనే. పాంట్ నఫ్ అంటే కొత్త వంతెన. మనది మాత్రం అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్ వచ్చాక 'పురానా' అయి కూర్చుంది.

దగ్గరికి వెళ్లి రాళ్ల అతుకులు చూడండి. డంగు సున్నం రాయికంటే మెత్తన. రాయి ఎండకి ఉబ్బి చలికి ముడుచుకుంటే తనూ సర్దుకుంటుంది, లోపలి తడిని బయటికి వదులుతుంది. ఇలాంటి అతుకుల్లో సిమెంటు మెత్తితే తడి లోపలే ఉండిపోతుంది, కొన్నాళ్లకి రాయి అంచే పెచ్చులూడుతుంది. రావి మొలకతోనూ అంతే. పైపైన నరికితే వానాకాలానికి మళ్లీ చిగురేసి, వేరు ఇంకా లావెక్కి రాయిని పక్కకి నెడుతుంది. వేరంతా లాగి ఆ సందుని మళ్లీ సున్నంతోనే నింపాలి.

దక్షిణపు చివర పాత నగర ప్రాకారపు దర్వాజా ఒకటి మిగిలింది. పొద్దున్నే వెళ్తే దాని ముందు బండ్లు అడ్డం ఉండవు.