1983: చెవులతో చూసిన ఏడాది

గడిచిపోయిన ఏడాదుల్లో ఏదైనా ఒకదాన్ని జనవరి నుంచి డిసెంబరు దాకా మళ్లీ తిరగేసే అవకాశం ఇస్తే, నేను తడుముకోకుండా 1983ను అడుగుతాను. అప్పుడు నేను ఎనిమిదో తరగతి ముగించి తొమ్మిదిలోకి వచ్చాను. పత్రికలో పతాక శీర్షిక చదివి, దాని వెనుక ఏముందో నాన్నగారిని అడగడం అప్పుడప్పుడే అలవాటవుతున్న వయసు. అయితే ఆ ఏడాది మీద నాకున్న మమకారానికి వయసొక్కటే కారణం కాదు. హైదరాబాదు వంటి చోట్ల దూరదర్శన్ అప్పటికే ఉన్నా, మాలాంటి లక్షల ఇళ్లకు లోకం ఇంకా రేడియో ద్వారా, అచ్చక్షరం ద్వారా మాత్రమే చేరుతుండేది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే ఆ పరిస్థితి మారిపోయింది. మేము దేన్నీ కళ్లారా చూడకుండానే అన్నిటినీ చూసినట్టు గుర్తుపెట్టుకున్న ఆఖరి ఏడాది అదేనని నాకు అనిపిస్తుంది.

ఆ మాటకు తొలి నెలలోనే ఒక మినహాయింపు ఉంది. జనవరి 9న ఎన్.టి.రామారావుగారు లాల్ బహదూర్ స్టేడియంలో, వేలాది జనం ఎదుట ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. 1982 మార్చి 29న ఆయన ప్రకటించిన తెలుగుదేశం పార్టీ తొమ్మిది నెలల్లో ఎన్నికలకు వెళ్లి, 294 స్థానాల శాసనసభలో రెండు వందలకు పైగా గెలుచుకుని, రాష్ట్రంలో మొట్టమొదటి కాంగ్రెసేతర ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసింది. అంతకు ముందు అయిదేళ్లలో ఢిల్లీ నలుగురు ముఖ్యమంత్రులను మార్చడం, బేగంపేట విమానాశ్రయంలో అప్పటి ముఖ్యమంత్రి టి.అంజయ్యగారికి జరిగిన అవమానం, వాటి నుంచి పుట్టిన ఆత్మగౌరవ నినాదం అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది వేరు. వార్తల్లోని మనుషులందరూ మాకు పేర్లుగా, గొంతులుగా, పత్రికలో మసక ఫొటోలుగా మాత్రమే తెలిసిన కాలంలో, ముఖం బాగా తెలిసిన మనిషి రామారావుగారు ఒక్కరే. రాముడిగా, కృష్ణుడిగా, దుర్యోధనుడిగా ముప్పై ఏళ్ల పాటు తెర మీద చూసిన ముఖం, చైతన్యరథం అని పేరు పెట్టిన పాత షెవ్రొలే వ్యాను మీద నిలబడి ఊరి మధ్యకు వచ్చింది. ఆయన ఏం మాట్లాడారన్నది ఎంతమంది విన్నారో చెప్పలేను గానీ, ఆయన వస్తున్నారని తెలిసి రాత్రంతా రోడ్డు పక్కన కూర్చున్నవాళ్లను నేనెరుగుదును. ఆ గెలుపును సినిమా మోజుగా కొట్టిపారేసిన విశ్లేషణలు తర్వాత ఎన్నో చదివాను, వాటితో నేను ఏనాడూ ఏకీభవించలేదు. కళ్ల ముందుకు వచ్చి మాట్లాడే నాయకుడి కోసం జనం అప్పటికే ఆవురావురుమంటున్నారు.

ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఇంట్లోనూ బయటా రెండే మాటలు. ఒకటి కిలో రెండు రూపాయల బియ్యం. రెండోది, ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించడం. ఉద్యోగులు సమ్మెకు దిగారు, పత్రికలు దానితోనే నిండిపోయాయి, పెద్దవాళ్లు ఆ సంగతి మాట్లాడుకుంటే గొంతులు పెరిగేవి. తర్వాత ఆ వయసు తిరిగి 58కి చేరింది. నా కంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు దాని గురించి వినికూడా ఉండరు. రెండు రూపాయల బియ్యం మాత్రం దేశ రాజకీయాల భాషలోకి చేరిపోయి ఇవాళ్టికీ నిలిచింది.

ఫిబ్రవరి 18న అస్సాంలోని నెల్లీలో, ఎన్నికల వేళ, కొన్ని గంటల్లో వెయ్యికి పైగా మనుషులను చంపేశారు. వారిలో అత్యధికులు ముస్లిం రైతు కుటుంబాల స్త్రీలు, పిల్లలు. ఆ వార్త రేడియోలో విన్నప్పుడు నాకు ఏ రూపమూ కట్టలేదన్న నిజాన్ని సిగ్గుపడుతూనే రాస్తున్నాను. చెవులతో చూడటంలో ఉన్న లోపం అదే. పరిచయం ఉన్నవాటికి ఊహ రంగులు అద్దుతుంది, పరిచయం లేని నేలకూ మనుషులకూ అద్దదు. ఆ ఘటనపై వేసిన తివారీ కమిషన్ నివేదికను దశాబ్దాల పాటు ప్రజల ముందు పెట్టనేలేదు. జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్లూ దుకాణాలూ తగలబడిన వార్త మాత్రం అలా జారిపోలేదు. మద్రాసు మాకు సినిమా ద్వారా, పత్రికల ద్వారా దగ్గర కాబట్టి, ఆ తీరానికి చేరుతున్న కాందిశీకుల కథనాలు ఇంట్లో పైకి చదివి వినిపించుకున్నాం.

ఇక జూన్. ఒకే నెలలో, ఇరవై మూడు రోజుల వ్యవధిలో, నా తరం తెలుగువాళ్లు మరిచిపోలేనివి మూడు జరిగాయి.

జూన్ 3న సాగర సంగమం విడుదలైంది. నేను దాన్ని అప్పుడే చూడలేదు, పాటలు మాత్రం రేడియోలో వింటూ వచ్చాను. నాట్యం గురించి తీసిన సినిమాను ముందు చెవులతో చూడటం ఎలాంటి అనుభవమో ఇప్పటివాళ్లకు వివరించడం కష్టం. ఇళయరాజా కూర్చిన లయ, బాలసుబ్రహ్మణ్యం గొంతులోని తూగు, వేటూరి మాటల విరుపు విని, నేను మనసులోనే ఒక వేదిక కట్టుకున్నాను. దీపాలు, గజ్జెలు, పట్టు అంచు, ఎదురుగా నిండు సభ. నెలల తర్వాత సినిమా చూస్తే, ఆ లయకు కమల్ హాసన్ తాగిన మైకంలో, వానలో తడుస్తూ, బావి గట్టు మీద అడుగులేస్తున్నాడు. నేను కట్టుకున్న వేదిక ఒక్క క్షణంలో కూలిపోయింది. కళ సర్వం తెలిసీ సభ దొరకని మనిషి కథ అది. ఆ మనిషికి సభ లేదన్న సంగతిని కె.విశ్వనాథ్‌గారు నాకు అర్థమయ్యేట్టు చెప్పింది, నా ఊహలోని సభను తీసేసి ఆ చోట బావి పెట్టడం ద్వారానే. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో సంగీతానికి ఇళయరాజాకు, గానానికి బాలసుబ్రహ్మణ్యానికి ఈ సినిమా ద్వారానే పురస్కారాలు వచ్చాయి.

జూన్ 15న మద్రాసులో శ్రీశ్రీ కన్నుమూశారు. ఆయన వయసు 73. మహాప్రస్థానం ప్రతి ఇంట్లో లేకున్నా అందులోని పంక్తులు ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరికి కంఠస్థంగా ఉండేవి. ఆయన కవిత్వం అచ్చులో కంటే గొంతుల్లోనే ఎక్కువ తిరిగిందని నా నమ్మకం. 1950లో పుస్తకంగా రాకముందే ఆ గీతాలు పదిహేనేళ్ల పాటు నోటినుంచి నోటికి నడిచాయి. ఆ రోజు నాన్నగారు పత్రికను మడిచి పక్కన పెట్టి, ఏ పుస్తకమూ తీయకుండా, చాలాసేపు ఒక్కో గేయమూ మెల్లగా చెప్పుకుంటూ కూర్చున్నారు. ఆయన గొంతు ఎక్కడా వణకలేదు. మధ్యలో ఒక చోట పంక్తి గుర్తురాక ఆగితే, వంటింట్లో నుంచి అమ్మ అందించింది. అమ్మకు శ్రీశ్రీ వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ దుఃఖం ఇంకా ఇంట్లో ఉండగానే, జూన్ 18న ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ అనే ఊళ్లోని చిన్న మైదానంలో, ప్రపంచకప్పు క్రికెట్ పోటీల్లో, జింబాబ్వే మీద భారత జట్టు 17 పరుగులకు అయిదు వికెట్లు కోల్పోయింది. అక్కడి నుంచి కపిల్ దేవ్ అజేయంగా 175 పరుగులు చేశాడు. కిర్మాణీతో తొమ్మిదో వికెట్టుకు విడిపోని భాగస్వామ్యంలో 126 పరుగులు వచ్చాయి. జట్టు 266కు చేరి, 31 పరుగులతో గెలిచింది. ఆ రోజు ఆ మైదానంలో బీబీసీ కెమెరాలు లేవు. భారత క్రికెట్‌లో అతి గొప్ప ఆటల్లో ఒకటైన ఆ ఇన్నింగ్సుకు వీడియో లేనే లేదు. దాన్ని లోటుగా చెప్పేవాళ్లను ఎందరినో విన్నాను, నాకు మాత్రం ఏనాడూ అలా అనిపించలేదు. ఆ 16 ఫోర్లూ 6 సిక్సర్లూ ఎటు వెళ్లాయో ఎవరి ఊహ వారిది. ఆ ఏడాది స్వభావానికి అంతకంటే సరిపోయే ఆట మరొకటి ఉండదు.

వారం తిరిగేసరికి, జూన్ 25 శనివారం, లార్డ్స్‌లో ఫైనల్. మన జట్టు 183కే ఆలౌట్ అయింది, అందులో శ్రీకాంత్ చేసిన 38 పరుగులే అత్యధికం. ఎదురుగా ఉన్నది అంతకు ముందు రెండు ప్రపంచకప్పులూ గెలిచిన వెస్టిండీస్. మా ఇంట్లో ఫైనల్ అంటే ట్రాన్సిస్టర్, దాన్ని చెవికి ఆనించుకుని షార్ట్‌వేవ్‌లో ఇంగ్లీషు వ్యాఖ్యానం వింటున్న అన్నయ్య, అతని ముఖం చూస్తూ స్కోరు ఊహించే మేము. గొంతు దగ్గరికి వచ్చి స్పష్టంగా వినిపించేది, అంతలోనే గరగరమంటూ సముద్రంలోకి జారిపోయినట్టు దూరమయ్యేది. రిచర్డ్స్ వరుసగా ఫోర్లు కొడుతున్నప్పుడు అన్నయ్య రేడియోను చాప మీద పెట్టి లేచి వెళ్లిపోయాడు. మదన్‌లాల్ బంతికి రిచర్డ్స్ లేపిన షాటును కపిల్ వెనక్కి పరుగెత్తి పట్టుకున్నప్పుడు వ్యాఖ్యాత గొంతు ఒక్కసారిగా పైకి లేచింది గానీ, ఏం జరిగిందో మాకు అర్థమయ్యేలోపే ధ్వని మునిగిపోయింది. అది క్యాచో, సిక్సరో తెలియని ఆ అర నిమిషం నా జీవితంలోని సుదీర్ఘమైన అర నిమిషాల్లో ఒకటి. చివరికి వెస్టిండీస్ 140కి ఆలౌట్ అయింది, మన గెలుపు 43 పరుగులతో. ఆ జట్టుకు మేనేజరుగా వెళ్లిన పి.ఆర్.మాన్‌సింగ్ హైదరాబాదు మనిషి అన్న సంగతి మర్నాటి నుంచి అందరి నోటా వినిపించింది, అందులో మాకూ కొంత వాటా ఉన్నట్టుగా.

ఆగస్టు 30న అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్ మన ఇన్శాట్-1బి ఉపగ్రహాన్ని తీసుకుని ఆకాశంలోకి వెళ్లింది. ముందటి ఏడాది పంపిన ఇన్శాట్-1ఎ కొద్ది నెలలకే చెడిపోవడంతో అందరి ఆశలూ దీని మీదే ఉన్నాయి. మేము దాన్ని తుపానుల ముందస్తు సమాచారం ఇచ్చే ఉపగ్రహంగానే విన్నాం, అది నిజమే కూడా. కానీ అక్టోబరులో పని మొదలుపెట్టిన ఆ ఉపగ్రహమే దేశమంతటా దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్లు వెలిసేందుకు దారి వేసింది. మా చెవుల కాలానికి ముగింపు పలికే వస్తువు తల మీదికి చేరిందని ఆ రోజు మాకు తెలియదు.

ఆ ఏడాది అసలు వినిపించనివి కూడా ఉన్నాయి. సెప్టెంబరు 1న సోవియట్ యుద్ధ విమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చి 269 మంది మరణించిన వార్త లోకమంతా మారుమోగింది. అదే నెల 26న, మాస్కోకు దక్షిణాన ఉన్న ఒక రహస్య కేంద్రంలో, అమెరికా అయిదు క్షిపణులు ప్రయోగించిందని కంప్యూటర్లు హెచ్చరించాయి. విధుల్లో ఉన్న స్తానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి అది తప్పుడు హెచ్చరిక అని నిర్ణయించి పైకి అలాగే తెలిపాడు. మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహాలు క్షిపణులుగా పొరబడ్డాయని తర్వాత తేలింది. ఆ సంగతి 1990లలో గానీ బయటికి రాలేదు. ఆ మర్నాడు మేము తిన్నాం, బడికి వెళ్లాం, సాయంత్రం పాటలు విన్నాం. ఆ ఏడాది తొలి రోజునే ఆర్పానెట్ అనే అమెరికా కంప్యూటర్ల వల టీసీపీ/ఐపీ నియమావళికి మారింది. ఇవాళ్టి ఇంటర్నెట్ నడుస్తున్నది ఆ నియమావళి మీదే, దానికీ మా పత్రికలో చోటు దక్కలేదు.

అక్టోబరులో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు నోబెల్ ప్రకటించినప్పుడు మా లెక్కల మాస్టారు తరగతిలో సగం పాఠం ఆపి ఆయన గురించి చెప్పారు. 1930లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఇంగ్లండు వెళ్తున్న ఓడలో నక్షత్రాల అంత్యదశ గురించి వేసిన లెక్కకు లోకం 53 ఏళ్ల తర్వాత తల వంచిందని ఆయన చెబుతుంటే తరగతి నిశ్శబ్దమైపోయింది. అదే నెల 28న ఖైదీ విడుదలై, చిరంజీవి అనే నటుడిని తిరుగులేని కథానాయకుడిగా నిలబెట్టింది. డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కింది. మా వీధికి ఆ కారు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది కాబట్టి దాని గురించి నేను రాయగలిగింది తక్కువ.

1984 అక్టోబరు 31 తర్వాత ఇందిరాగాంధీ అంత్యక్రియలను, పక్కింటి వసారాలో వచ్చి చేరిన కొత్త టీవీలో, వీధి వీధంతా కూర్చుని చూశాం. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. అప్పటిదాకా పత్రిక చదివి వినిపించే పని నాది, ఆ రోజు నన్నెవరూ అడగలేదు.

ప్రపంచకప్పు ఫైనల్ రోజున అన్నయ్య రాసిన స్కోరు పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. గీతల కాగితాల మీద పెన్సిలుతో రాసింది. రిచర్డ్స్ పేరు ఎదురుగా 33 అని, దాని కింద కాగితం చిరిగేంత గట్టిగా గీసిన గీత. పక్కన మైదానానికి గుర్తుగా ఒక వృత్తం, అందులో కపిల్ పరుగెత్తిన దారిని చూపే బాణం. చాలా ఏళ్లకు ఆ క్యాచ్‌ను టీవీలో చూసినప్పుడు తెలిసింది, అన్నయ్య బాణాన్ని ఆఫ్‌సైడ్‌కు వేశాడు, కపిల్ పరుగెత్తింది లెగ్‌సైడ్‌కు. ఆ దృశ్యాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా కళ్లు మూసుకుంటే కపిల్ ఇప్పటికీ అన్నయ్య గీసిన వైపే పరుగెడతాడు.