ఇనెలో ఒక రాత్రి, సముద్రం మీద

జపాన్ తీరంలోని ఇనె అనే చిన్న ఊళ్ళో సాయంత్రం ఐదు దాటితే అన్నం పుట్టదు. ఆ ఊరి ఫొటోలు పెట్టేవాళ్ళెవరూ ఈ ముక్క చెప్పరు కాబట్టి ముందే చెబుతున్నాను. నీళ్ళ అంచున వరసగా చెక్క ఇళ్ళు, వెనక కొండ, ముందు పడవలు. ఫొటోల్లో అంతే కనిపిస్తుంది, నేనూ వాటిని చూసే పడిపోయాను. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు క్యోటో గుళ్ళు చూపిస్తానన్నాడు. జనాన్ని చూడ్డానికి ఇంత దూరం రావాలా, నాకు సముద్రం పక్కన చిన్న ఊరు కావాలి అన్నాను. "అయితే ఇనె వెళ్దాం అక్కా, కానీ రేటు చూశాక నన్ను తిట్టకూడదు" అన్నాడు.

తిట్టాను. తలకు 20,000 యెన్ పైనే, అంటే మన డబ్బుల్లో పదకొండు వేలు దాటుతుంది. ఆ రేటుకి పొద్దున టిఫిన్ ఇస్తారు, రాత్రి భోజనం ఉండదు. అక్కడ చాలా బసల్లో ఇదే పద్ధతట. రాత్రికి బయట తినాలి, బయట తినాలంటే చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. వాడు ఫోన్ చేసిన చోటల్లా సీట్లు నిండిపోయాయన్నారు.

ప్రయాణం ఖర్చు సంగతి వేరే. జేఆర్ పాస్ (టూరిస్టులు జపాన్ రైళ్ళలో తిరగడానికి కొనేది) ఏడు రోజులది 2023 అక్టోబరులో 29,650 యెన్ నుంచి ఏకంగా 50,000 అయ్యింది. పోనీ కొందామన్నా, ఇనెకి వెళ్తూ మధ్యలో ఆగాల్సిన అమనోహషిదతె వెళ్ళే రైలు దారిలో చివరి ముక్క వేరే కంపెనీది, దానికి మళ్ళీ డబ్బు కట్టాలి. అందుకని ఒసాకా నుంచి హైవే బస్సు ఎక్కేశాం. అమనోహషిదతె అంటే సముద్రానికి అడ్డంగా పరుచుకున్న 3.6 కిలోమీటర్ల ఇసుక మేట, దాని నిండా పైన్ చెట్లు. జపాన్‌లో చూసి తీరాల్సిన మూడు దృశ్యాల్లో ఒకటిగా పాతకాలం నుంచి లెక్క. కొండెక్కి, వెనక్కి తిరిగి వంగుని, కాళ్ళ సందులోంచి చూస్తే ఆకాశంలోకి వంతెన వేసినట్టుంటుందట. నా నడుముకి ఆ యోగం లేదు. మా వాడు వంగాడు, బాగుందన్నాడు, ఇనె వెళ్ళే ఊరి బస్సు టైమయింది.

ఆ బస్సు మాత్రం నాకు నచ్చింది. వెనక తలుపులోంచి ఎక్కి, మిషన్‌లోంచి నంబరున్న చిన్న చీటీ లాక్కోవాలి. దిగేటప్పుడు ముందున్న బోర్డులో మన నంబరు కింద ఎంత కనిపిస్తే అంత డబ్బాలో వేయాలి. మాతోపాటు ఎక్కినవాళ్ళలో సగం మంది మాలాంటి వాళ్ళు, మిగతా సగం డెబ్బై దాటిన ఆడవాళ్ళు. ఒకావిడ సంచీలోంచి ఉల్లికాడలు గజం పొడుగున బయటికొచ్చి నా మోకాలికి తగులుతున్నాయి. ఆవిడ మాటిమాటికీ తల వంచి క్షమాపణ చెబుతోంది, నేనూ తల వంచుతున్నాను. ఎంతసేపు వంచుకున్నామో! చివరికి ఆవిడ దిగాల్సిన చోటు వచ్చింది. డ్రైవర్ బస్సు ఆపాడు. అప్పుడు లేచింది. మన దగ్గరైతే స్టాపు ఇంకా కిలోమీటరు ఉండగానే లేచి తలుపు దగ్గర వేలాడాలి. ఇక్కడ బస్సు పూర్తిగా ఆగేదాకా కూచోమని డ్రైవరే మైకులో బతిమాలుతున్నాడు. ఆవిడ పర్సు తీసి, పది యెన్ బిళ్ళలు ఒక్కొక్కటే డబ్బాలో వేసి, లెక్క సరిపోయిందని ఆయన చెప్పాక ఇద్దరూ పలకరించుకుని, అప్పుడు దిగింది. వెనక కార్లు ఆగి ఉన్నాయి. ఒక్క హారన్ వినపడలేదు. నాకే టెన్షన్‌గా అనిపించింది.

కుడి చేతి పక్క దారంతా సముద్రమే. నవంబరు చివర కదా, పది నిమిషాలు ఎండ, పది నిమిషాలు వాన. భోజనం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోవద్దని తాంగో అనే ఈ ప్రాంతంలో సామెత ఉందట. గొడుగు ఒకటే ఉంది, అది వాడి దగ్గరుంది.

ఊళ్ళో జనం సుమారు 2,000. అఖాతం చుట్టూ ఐదు కిలోమీటర్ల ఒడ్డున 230 దాకా ఈ పడవ ఇళ్ళున్నాయి, ఫునయాలు అంటారు. కింద పడవ, పైన వలలూ సామానూ. మనుషులుండే అసలు ఇల్లు రోడ్డుకి అవతల, కొండ వైపు. కింది గది నేల సముద్రంలోకి వాలుగా దిగిపోతుంది, పడవని అలాగే లోపలికి లాగేసుకోవచ్చు. ఇప్పటి పడవలు పెద్దవై లోపల పట్టడం లేదు, చాలావాటిని బయటే కడుతున్నారు. ఖాళీ అయిన ఫునయాల్లో కొన్ని మాలాంటి వాళ్ళకి బసలయ్యాయి. 2005లో ప్రభుత్వం ఊరి ఇళ్ళని వారసత్వ సంపదగా రక్షిత జాబితాలో చేర్చింది. అయితే రోడ్డు మీద నడుస్తుంటే సముద్రం సరిగ్గా కనిపించదు. ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, సందుల్లోంచి ఇంత నీలం కనిపిస్తుంది. ఆ సందు ఎవరిదో ఇంటి వాకిలి. లోపలికి రావద్దని బోర్డులు పెట్టుకున్నారు పాపం. ఫోన్ పట్టుకుని ఓ జంట ఒక బోర్డు దాటి లోపలికి పోవడం నా కళ్ళారా చూశాను.

కన్వీనియన్స్ స్టోర్ ఒక్కటీ కనపడలేదు. జపాన్‌లో అడుగుకొకటి ఉంటుందని నమ్మి వచ్చినదాన్ని. ఆరింటికల్లా చీకటి, తలుపులన్నీ మూసేశారు, డ్రింకులమ్మే మిషన్ ఒక్కటే వెలుగుతోంది. మా సంచీలో ఉన్నవి రెండు ఓనిగిరీలు (అన్నం ముద్దలు), ఒక బిస్కెట్ ప్యాకెట్.

బస యజమానురాలికి డెబ్బై ఏళ్ళుంటాయి. పరుపులెక్కడున్నాయో చూపించడానికొచ్చి రాత్రికి ఏం తింటున్నారని అడిగింది. మా వాడు సంచీ చూపించాడు. ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అరగంటకి పళ్ళెంతో తిరిగొచ్చింది. వేడి అన్నం, మిసో సూప్, ముల్లంగి ఊరగాయ, చిన్న ముక్కలుగా కోసి కాల్చిన హెషికో. మేం డబ్బు సంగతి ఎత్తేలోపు ఆవిడే అంది, ఇది భోజనం కాదు, మా ఇంట్లో ఎక్కువైంది, భోజనమైతే లెక్కలో రాయాల్సొస్తుంది అని. మా వాడు ఇది తెలుగులో చెబుతుంటే ఆవిడ గోడ వైపు చూస్తూ నవ్వుతోంది.

హెషికో అంటే కనగర్తల జాతి చేపని ఉప్పేసి, తవుడులో నెలల తరబడి ఊరబెడతారు. నేను పెద్ద ముక్క నోట్లో వేసుకున్నాను. ఆవిడ "అయ్యో" లాంటిదేదో అని అన్నం గిన్నె నా ముందుకి తోసింది. గోరంత ముక్కకి పెద్ద ముద్ద కలుపుకోవాలి, అలాంటి ఉప్పు. కానీ ఆ ఉప్పు వెనకాల ఒక పులుపు, దాని వెనకాల కమ్మదనం. అన్నం ఇంకోసారి అడిగి పెట్టించుకున్నాను. మా తమ్ముడు సిగ్గుపడ్డాడు. వాడికి జపాన్ బాగా పట్టేసింది.

నిద్ర మాత్రం రాలేదు. నేల కింద నీళ్ళు గోడని తట్టి వెళ్తున్నాయి, మళ్ళీ తడుతున్నాయి. మా పెద్దమ్మ వాళ్ళది ఉప్పాడ. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఇంటి ముందు వీధి, వీధి అవతల ఇంకో వరస ఇళ్ళు, అవి దాటితేనే సముద్రం. ఒక్కో తుఫానుకి ఒక్కో వరస పోయింది. కాకినాడ బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో, జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులు) వేస్తే వాటినీ సముద్రం చింపేసింది. పెద్దమ్మ ఇల్లు కొట్టుకుపోయిన ఏడాది ఆవిడ మా ఇంట్లోనే ఉంది, రాత్రిళ్ళు లేచి కూచునేది. అలాంటి దాన్ని నన్ను తీసుకొచ్చి సముద్రం మీద పరుపేసి పడుకోమంటే ఎలా పడుకుంటాను? రెండుసార్లు మెట్లు దిగి చూశాను. సాయంత్రం నీళ్ళు ఏ రాయి దగ్గరున్నాయో అక్కడే ఉన్నాయి.

పొద్దున పక్క ఫునయాలో ఒక పెద్దాయన తాడు లాగుతుంటే వెళ్ళి నిలబడ్డాం. వల బుట్ట పైకొచ్చింది. చేప తలలు ఎరగా వేసి రాత్రి గుమ్మం ముందు దింపి, పొద్దున లాగుతారు. ఆ పూట కూరకి ఎన్ని కావాలో అన్ని తీసుకున్నాడు, ఎర మార్చి మళ్ళీ దింపేశాడు. ఆయనే సీ టాక్సీ కూడా నడుపుతాడట. తలకు వెయ్యి యెన్, అరగంట. ఈసారి బేరం గురించి నేను నోరెత్తలేదు.

పడవలో కూచున్నాక రాత్రి నన్ను వేధించిన ప్రశ్న అడిగించాను, నీళ్ళు లోపలికి రావా అని. ఆయన ఇంజను తగ్గించి మరీ చెప్పాడు. జపాన్ సముద్రంలో ఆటుపోట్లు చాలా తక్కువ, ఏడాది మొత్తం మీద ఇక్కడ నీటిమట్టంలో తేడా అర మీటరు. చలికాలం గాలీ అలలూ వాయవ్యం నుంచి వస్తాయి, ఈ అఖాతం నోరేమో దక్షిణానికి ఉంది, వెనక మూడు వైపులా కొండలు. ఇక ఆ నోటికి అడ్డంగా ఆవోషిమా అనే చిన్న దీవి ఉంది, దాటుకుని వచ్చే కాస్త అలని అది ఆపుతుంది. అంటే ఇళ్ళలో గొప్పేమీ లేదు, ఇళ్ళు కట్టిన చోటులో ఉంది. పాతకాలంలో తిమింగలాలు అఖాతంలోకి వస్తే ఆ దీవి దగ్గరే వలలు అడ్డం కట్టి పట్టేవాళ్ళట, వాటి సమాధులు దీవి మీద ఉన్నాయట. తిమింగలానికి సమాధేమిటని నేను నోరు తెరిచేలోపు ఒక గద్ద మా వాడి చేతిలో బిస్కెట్ తన్నుకుపోయింది.

సునామీ వస్తే? అని కూడా అడిగించాను. 2004 డిసెంబరు మా వైపు ఎవరూ మర్చిపోరు. పెద్దాయన కొండ మీది గుడి మెట్లు చూపించాడు. 2024 జనవరి 1న నోటో భూకంపం వచ్చినప్పుడు ఈ తీరానికీ సునామీ హెచ్చరిక వచ్చింది. కొత్త సంవత్సరం భోజనాల మధ్యలో లేచి అందరూ ఆ మెట్లెక్కి కూచున్నారట. చలి, ముసలాళ్ళకి దుప్పట్లు మోశారు, చీకటి పడ్డాక కూడా పైనే ఉన్నారు. తిరిగొచ్చేసరికి సూప్ గడ్డ కట్టిందని చెప్పి నవ్వాడు. మాది ఏ ఊరని అడిగాడు. ఉప్పాడ సంగతి మొత్తం చెప్పించాను, వరస వరసగా ఇళ్ళు ఎలా పోయాయో. మా వాడికి తెలిసిన జపనీస్ అంతా అయిపోయింది, మిగతాది ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. ఆయన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసి, ఆ ఒడ్డు ముందు దీవేమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. తల ఊపాడు.

బస్సుకి ఇంకా టైముందని మా వాడు ముకాయ్ అనే సాకె (బియ్యంతో చేసే మద్యం) దుకాణానికి లాక్కెళ్ళాడు. 1754 నుంచి నీళ్ళ పక్కనే నడుస్తున్న కార్ఖానా. ఎర్ర బియ్యంతో చేసే ఇనె మంకై అనేది వీళ్ళ పేరు మోసిన సరుకు, దానిమ్మ రసం రంగులో ఉంటుంది. రుచి చూడమని చిన్న గ్లాసు ఇచ్చారు. నేను వాసన చూసి ఇచ్చేశాను, మా వాడు రెండు గ్లాసులూ తాగాడు. ఒక సీసా చాలురా అన్నాను, రెండు కొన్నాడు. బస్సులో వాడు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు, సీసాలు నా ఒళ్ళో ఉన్నాయి, మలుపు వచ్చినప్పుడల్లా గలగలమంటున్నాయి. పక్క సీటు పెద్దావిడ వాటి వంకా నా వంకా చూసి తల వంచింది.