షూమన్ సింఫనీలు: ఏ రికార్డింగు కొనాలి?

జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ పెద్ద వాద్యబృందం కోసం రాసిన నాలుగు సింఫనీల సంపుటి ఒకటి కొనాలనుకుని, నెల రోజులుగా మూడు రికార్డింగులను పక్కపక్కన పెట్టుకుని వింటున్నాను. తంత్రీవాద్యాలూ సుషిరవాద్యాలూ తరచూ ఒకే స్వరాన్ని కలిసి పలకడం వల్ల ఆయన సింఫనీల్లో నాదం బరువెక్కి మసకబారుతుందని చాలాకాలంగా ఒక ఆక్షేపణ ఉంది. ఆ చిక్కును వాద్యబృందాన్ని నడిపించే ఏ సంగీత నిర్దేశకుడు (కండక్టర్) ఎలా విప్పాడన్నదే నాకు గీటురాయి.

క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో 1958–60 మధ్య చేసిన రికార్డింగులో జార్జ్ సెల్, మూల స్వరప్రతిని అక్కడక్కడ తానే సవరించి తేటదనం రాబట్టాడు. జాన్ ఎలియట్ గార్డినర్ 1990లలో షూమన్ కాలపు వాద్యాలతోనే దాన్ని సాధించాడు. పైగా నాలుగో సింఫనీకి 1841 నాటి తొలిరూపమూ, 1851 నాటి సవరించిన రూపమూ రెండూ అందులో ఉన్నాయి. షూమన్ మిత్రుడైన స్వరకర్త బ్రామ్స్ మొగ్గు చూపింది తొలిరూపానికే. నా ఓటూ దానికే.

అయినా మనసు మాత్రం 1972లో వోల్ఫ్‌గాంగ్ సవాలిష్ డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లెతో చేసినదాని దగ్గరే ఆగిపోతోంది. రెండో సింఫనీలో నెమ్మదిగా సాగే అడాజియో భాగంలో వయొలిన్లు వరుస కంపిత స్వరాలతో (ట్రిల్స్‌తో) మెట్టు మెట్టుగా పైకెక్కే చోటు ఒకటుంది. అక్కడ ఆ వాద్యబృందం గొంతు పెంచకుండానే వేదనను చివరి మెట్టుదాకా మోసుకుపోతుంది. ఆ కొద్ది క్షణాలనే ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో లెక్కలేదు. మూడో సింఫనీ ఆరంభంలో మూడు దెబ్బల లయకు అడ్డంగా సాగే ఆ విశాలమైన రాగమూ ఇక్కడ తొట్రుపడదు. ముందు కొనేది ఇదే. గార్డినర్ సంపుటిని నాలుగో సింఫనీ కోసం తర్వాత తెచ్చుకుంటాను.