అత్తయ్య విరిచిన బిహోన్

అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు, ఇక్కడ రాసేస్తే గానీ పట్టేలా లేదు. అత్తయ్య ఇవాళ బిహోన్ విరిచేశారు. ఇక్కడ ఫిలిప్పీన్స్‌లో పాన్సిట్ అనే వంటకి వాడే సన్నటి, పొడుగాటి నూడుల్స్ అవి.

పెరట్లోకి చిన్న నిమ్మకాయల్లాంటి కలమన్సీ కాయలు కోసుకురావడానికి వెళ్లానంతే. వచ్చేసరికి అర కిలో ప్యాకెట్ మొత్తం వేలెడు ముక్కలై గిన్నెలో ఉంది. ఫోన్‌లో వదిన. "అమ్మా, ముందు ఉడకబెట్టి వార్చెయ్, చల్లారాక చిల్లీ సాస్ వేసి పెద్ద మంట మీద తిప్పెయ్" అని భీమవరం నుంచి సలహాలు. పాన్సిట్ ఎప్పుడూ తినని మనిషి, లాస్ బాన్యోస్‌లో నా వంటింట్లో పాన్సిట్ ఎలా చేయాలో చెబుతోంది! అప్పుడేమీ అనలేదు. అనకపోవడం వల్లే ఇప్పుడు ఇంత టైపు చేస్తున్నాను.

ఇక్కడ ఆ నూడుల్స్ విరవరు. పొడుగ్గా ఉంటే ఆయుష్షు అని నమ్మకం, అందుకే ఏ ఇంట్లో పుట్టినరోజైనా పాన్సిట్ ఉండాల్సిందే. మేం కొత్తగా వచ్చినప్పుడు పక్కింటి ఆతే (అక్కని ఇక్కడ అలా పిలుస్తారు) తన మనవడి పుట్టినరోజుకి ఒక పెద్ద పళ్లెం తెచ్చిచ్చింది, మేం పంది మాంసం తినమని ఎవరు చెప్పారో ఏమో, మాకోసం రొయ్యలతో విడిగా చేసి మరీ. వడ్డించేటప్పుడు గరిటెతో తుంచకుండా పైకెత్తి జాగ్రత్తగా వేసింది. అదంతా అత్తయ్యకి ఎన్నోసార్లు చెప్పాను. "ఇవాళ ఎవరి పుట్టినరోజూ కాదుగా, పాపకి తినడానికి వీలుగా ఉంటాయి" అన్నారు. పోయినేడు పాప కేక్ మీద కొవ్వొత్తులు ఊదబోతుంటే "పుట్టినరోజు నాడు దీపం ఆర్పుకుంటారా ఎవరైనా" అని ఆపేసి, కుందిలో ఒత్తి వేసి వెలిగించింది ఈవిడే కదా! తన నమ్మకానికి అంత పట్టుదల ఉన్న మనిషికి పక్కింటివాళ్ల నమ్మకం ఎందుకు పట్టదు? అదే నా బాధ.

లుక్బాన్ అనే ఊరు వెళ్లినప్పుడూ ఇంతే. మే 15న పహియాస్ పండగ, రైతులని కాపాడతాడని నమ్మే క్రైస్తవ పునీతుడు సాన్ ఇసిద్రో పేరు మీద చేస్తారు. ఇళ్ల ముందు వరి కంకులు, కాకరకాయలు, బీన్స్, ఏది పండితే అది కట్టేస్తారు. అత్తయ్య ఆ కంకులు చూసి వీధిలోనే నిలబడిపోయారు. వాళ్లది ఆచంట, 1967లో ఐఆర్-8 వరి పండించి పేరు తెచ్చుకున్న నెక్కంటి సుబ్బారావు గారి ఊరు. ఆ వంగడం పుట్టింది ఈయన పనిచేసే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రీలోనే, మా ఇంటికి కూతవేటు దూరంలో. అందుకని ఇక్కడ ఎక్కడ వరి కనిపించినా ఆవిడకి అది సొంత పొలమే. పిచ్చుకల కోసం చూరుకి కట్టే ధాన్యం కుచ్చుల కబుర్లు మొదలుపెట్టారు, ఆపలేదు. కిటికీలకి రంగురంగుల కిపింగ్ వేలాడుతోంది, బియ్యప్పిండి ఆకుల మీద పల్చగా పూసి ఆవిరి పట్టి ఆరబెట్టిన రేకులు. "ఇవి మన పూతరేకులేనే" అని ఎగిరి గంతేసినంత పని చేశారు. ఆవిడ అంత సంతోషంగా ఉండడం మామయ్యగారు పోయాక నేను చూడలేదు. సరే, అక్కడే పాన్సిట్ హబ్‌హబ్ అమ్ముతున్నారు. అరిటాకు ముక్క మీద నూడుల్స్ పెట్టి, పైన కాస్త వెనిగర్ చల్లి ఇస్తారు. ఫోర్కూ లేదు, చెయ్యీ పెట్టకూడదు, ఆకు నోటి దగ్గరికి ఎత్తి తినేయడమే. పాప మూతికంతా పూసుకుని తింటోంది. అత్తయ్య మాత్రం "ఆకుని నోటికి తగిలించి తినడమేంటి, ఛ" అని పక్కన పెట్టేశారు. అప్పుడూ నాకు కోపం వచ్చింది.

కానీ ఇంత రాశాక ఇంకో సంగతి గుర్తొస్తోంది. వదిన వార్చమంది గానీ అత్తయ్య వార్చలేదు. "నీళ్లు పారబోస్తే రుచి పోతుందే" అని ఫోన్ పెట్టేసి, కోడి ఉడికించిన నీళ్లు కంటితోనే కొలిచి పోసి, సోయా సాస్ వేసి, తెర్లాక బిహోన్ వేశారు. నిజానికి పాన్సిట్ కిటుకంతా అదే. పేరుకి వేపుడు గానీ, చల్లనీళ్లలో పది నిమిషాలు నానిన నూడుల్స్ ఆ రసం మొత్తం తాగి ఉడకాలి, క్యాబేజీ, క్యారట్, బీన్స్ ముందే వేయించి తీసి చివర్లో కలపాలి. మరిగే నీళ్లలో ఉడకబెట్టి తీస్తే ముద్దే. ఇక్కడ దొరికే బిహోన్‌లో చాలావరకు మొక్కజొన్న పిండితో చేసినదే, బియ్యం కాదు, ఇంకా త్వరగా జావ అయిపోతుంది. ఆవిడకి ఇదెవరూ చెప్పలేదు, సేమ్యా ఉప్మా చేసిన చెయ్యి కదా, దానికే తెలిసిపోయింది. పాతిస్ అనే చేపల సాస్ సీసా మూత తీస్తే ఈయన ముక్కు మూసుకుంటారు, ఆవిడేమో "ఎండు చేపల వాసనేగా" అని నేను వేసే దానికంటే ఎక్కువే వేశారు. రుచి బాగుంది. చాలా బాగుంది. ఆతేకి ఒక గిన్నె పంపుదామంటే ఆ ముక్కలు చూపించడానికి మనసు రాక ఆగిపోయాను.

అయినా పాన్సిట్‌కి ఒక్క రూపమేముంది? చైనా వర్తకులతో వచ్చినది, మలబోన్ జాలర్ల ఊరు కాబట్టి అక్కడ రొయ్యలూ గుల్లలూ పడ్డాయి, తుగెగరావోలో దున్న మాంసం, పైన గుడ్డు. ఊరి చేతిలో అంత మారినది మా ఇంటి చేతిలో మారితే తప్పేంటి, అత్తయ్య వేసిన పచ్చిమిర్చి ఉండనీ అనిపిస్తోంది. కరివేపాకు సంగతి ఇంకా తేల్చుకోలేదు.

విరవడం మాత్రం ఒప్పుకోను. పచ్చిమిర్చి వేస్తే వంట మారుతుంది, విరిస్తే ఆతే అంత జాగ్రత్తగా వడ్డించినదానికి విలువ ఇవ్వనట్టే. వచ్చే వారం పాప పుట్టినరోజు, ప్యాకెట్ తెరిచి నానబెట్టేది నేనే. రసం, ఉప్పు, మంట అత్తయ్య చేతికే వదిలేస్తాను. పొద్దున్నే లేచి ఈ మాట వదిన ఫోన్ రాకముందే చెప్పేయాలి.