అర మీటరు కాపర్ పైపు కోసం నేను పడ్డ పాట్లు

నిన్ననే మండల లెవెల్ సైన్స్ ఫెయిర్ అయింది, తొమ్మిదో క్లాసు చదివే మా పాపకి సెకండ్ ప్రైజ్ వచ్చింది. అవును, గొప్ప చెప్పుకుంటున్నా. కోపం చల్లారకముందే సామాన్ల కోసం తిరిగిన తిరుగుడు కూడా రాసేస్తా.

ఐడియాకి ఏం కష్టపడలేదు. పాత సామాన్లతో సైన్స్ బొమ్మలు చేసి చూపించే అరవింద్ గుప్తా గారి సైట్‌లో అలాంటివి బోలెడున్నాయి, అన్నీ ఫ్రీ. ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీద చేసి చూసే ప్రయోగాలు, కూడా ఫ్రీనే, నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి, ఫోన్‌లోనే ఓపెన్ అవుతాయి. వాటిలో ఫారడే సూత్రానిది, తీగచుట్టలో మాగ్నెట్ కదిపితే కరెంటు పుట్టేది, ఆడుతూ ఆడుతూ పాప కాపర్ పైపు దగ్గరికొచ్చింది. కాపర్‌కి అయస్కాంతం అంటుకోదు కదా, అయినా పైపులో వదిలితే ఎవరో పట్టుకుని దింపుతున్నట్టు నెమ్మదిగా దిగుతుంది. కదిలే మాగ్నెట్ వల్ల పైపులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటే దాన్ని వెనక్కి లాగుతుంది. నియోడిమియం మాగ్నెట్లు, అంటే చిన్నవైనా బాగా బలమైనవి, కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి, 10 మి.మీ. వెడల్పువి. ఇంట్లో చిన్నపిల్లలుంటే జాగ్రత్త, రెండు మింగారంటే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆపరేషనే.

ఇక పైపు. స్కూల్లో సార్ "డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో అడగండమ్మా, ఇస్తారు" అన్నారు. వెళ్లాం. అటెండర్ హెచ్‌ఓడీని, అంటే ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ హెడ్‌ని, అడగమన్నాడు, హెచ్‌ఓడీ ఆఫీసుకెళ్లమన్నారు, ఆఫీసులో స్కూల్ లెటర్‌హెడ్ మీద హెచ్ఎం సంతకం, స్టాంపు కావాలన్నారు. రెండ్రోజులు తిరిగి అదీ తెచ్చా. మళ్లీ హెచ్‌ఓడీ దగ్గరికే. లెటర్ చూడనుకూడా చూడలేదు, చుట్టూ పదిమంది స్టూడెంట్స్ ఉండగా "మీరేం చదివారమ్మా" అన్నారు. బీఎస్సీ ఎంపీసీ సార్ అన్నా. "అయితే లెంజ్ లా చెప్పండి" అన్నారు. ఇరవై ఏళ్లయింది చదివి, నోట మాట రాలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు మా పాప "ప్రేరిత విద్యుత్ ప్రవాహం, దాన్ని పుట్టించిన మార్పుని వ్యతిరేకించే దిశలో ఉంటుంది సార్" అంది. ఆయన తలెత్తకుండా "ఇంగ్లీష్‌లో చెప్పు" అన్నారు. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అంతే.

పైపు ఇవ్వలేదు. అద్దాల బీరువాలో కనిపిస్తూనే ఉంది, మీద దుమ్ము, ఓ నంబరు చీటీ. బయటికొచ్చాక అటెండరే మెల్లగా చెప్పాడు, స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నది పోతే వాళ్ల జీతంలో కోస్తారట. సరే భయం అర్థమైంది, కానీ పిల్లని ఇంగ్లీష్‌లో చెప్పమనడానికి ఏ రిజిస్టర్‌లో రాసుందో నాకు అర్థం కాలేదు. కాలేజీలకి వెళ్లకండి అని నేననను, వెళ్తే మాత్రం పిల్లల్ని తీసుకెళ్లకండి.

పైపు చివరికి మా వీధి చివర ఏసీ మెకానిక్ దగ్గర దొరికింది. "అన్నా, కాపర్ ముక్క ఏమైనా ఉందా" అంటే అరంగుళం పైపు బిట్టు, అర మీటరుది, ఊరికే ఇచ్చాడు. మాగ్నెట్ వదిలి చూపిస్తే కంప్రెసర్ పని పక్కన పెట్టి పదిసార్లు వదిలాడు.

టైమ్ కొలవడానికి ఫైఫాక్స్ యాప్ వాడాం, జర్మనీ ఆహెన్ యూనివర్సిటీది, ఫ్రీ. అందులో ఓ చప్పుడుకి మొదలై ఇంకో చప్పుడుకి ఆగే స్టాప్‌వాచ్ ఉంది. వదిలేటప్పుడు పైపు మీద టక్కుమని కొట్టాలి, కింద స్టీలు ప్లేటు మీద పడగానే ఆగుతుంది. అంతే పొడుగు ప్లాస్టిక్ పైపులో సెకనులో మూడో వంతు, కాపర్‌లో మూడు సెకన్ల పైనే. పది రీడింగులు తీసి సగటు వేయండి, జడ్జీలు అదే అడిగారు.

ఇంకోటి కూడా అడిగారు: పైపుని నిలువునా చీలిస్తే ఏమవుతుంది? పాపకి తెలీదు, తెలీదనే చెప్పింది. పక్క టేబుల్ దగ్గర బేకింగ్ సోడా అగ్నిపర్వతానికి జనం ఎగబడ్డారు, ఫస్ట్ దానికే.

ఇవాళ పొద్దున్నే పైపు పట్టుకుని మళ్లీ మెకానిక్ దగ్గరికెళ్లాం. ఆయన వైస్‌లో బిగించి హ్యాక్‌సా బ్లేడుతో పై నుంచి కింద దాకా చీల్చాడు, గంట పట్టింది, ఓ బ్లేడు విరిగింది. పాప మాగ్నెట్ వదిలింది. ముందుకన్నా తొందరగానే ప్లేటు మోగింది, కానీ ప్లాస్టిక్ పైపులో పడ్డంత జోరుగా మాత్రం కాదు.