ముప్పాతిక మనిషి

రాత్రి రెండింటికి కంప్యూటర్లో సిమ్యులేషన్ రన్ అయిపోయింది. అందులోని రెండు న్యూట్రాన్ డిటెక్టర్లూ ఒకేసారి మోగిన లెక్క చూస్తే దాదాపు సున్నా.

కాలిఫోర్నియం-252 అనే రేడియోధార్మిక పరమాణువు తనంతట తానే విచ్ఛిత్తి అయితే, అంటే చీలిపోతే, సగటున 3.76 న్యూట్రాన్లు వస్తాయి. నేను జియాంట్4లో (కణాల ప్రయాణాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వాటిని ఒక్కొక్కటిగా, ఒకదానితో ఒకటి సంబంధం లేని వేరువేరు ఈవెంట్లుగా వదిలాను. మొత్తం కౌంటు సరిగ్గానే వచ్చింది. అందుకే మూడు రోజులు అనుమానమే రాలేదు!

పొద్దున తిరుపతి బస్టాండు దగ్గర టీ తాగుతున్నా. కొండ మీంచి బస్సొచ్చింది. గుండ్లు చేయించుకున్న తండ్రీకొడుకులు, లడ్డూల సంచితో అమ్మ, ఆమె చంకలో పాప, అంతా ఒక్కసారిగా దిగారు. వెనకాలే ఒంటరిగా ఒక తాత. సగటు తీస్తే ఏదో ఒక అంకె వస్తుంది గానీ, ముప్పాతిక మనిషి ఏ బస్సులోంచీ దిగడు.

న్యూట్రాన్లూ అంతే. ఒక విచ్ఛిత్తిలో రెండు, ఇంకోదాంట్లో ఐదు, అరుదుగా అసలేమీ రావు. కలిసి పుట్టినవాటిని కలిపే వదలాలి. జంట డిటెక్టర్లు పట్టుకునేది ఆ గుంపునే కదా.

"ఏం నాయనా, టీ చల్లారిపాయ, ఇంకోటి ఇచ్చేదా?"

"ఇయ్యన్నా."

కోడు మార్చి మళ్ళీ రన్ పెట్టాను. ఇప్పుడు 12 శాతం దగ్గరుంది. కరెంటు పోకుంటే చాలు.