ఐ5నా, ఐ7నా అని అడిగే ముందు ఆ వెనకున్న నంబర్ చూడండి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చి కౌన్సెలింగ్ హడావిడి మొదలైందంటే చాలు, నా వాట్సాప్‌కి లాప్‌టాప్ ఫొటోలు వచ్చి పడతాయి. చుట్టాలు, పాత ఆఫీసు వాళ్లు, పై ఫ్లోర్ ఆంటీ, అందరిదీ ఒకటే ప్రశ్న. "ఐ5 తీసుకోమంటావా, ఐ7 తీసుకోమంటావా?" ఇవి లాప్‌టాప్‌కి మెదడులాంటి ప్రాసెసర్లకి ఇంటెల్ కంపెనీ పెట్టిన పేర్లు. దేనికి వాడతారు అని తిరిగి అడిగితే జవాబు కూడా ఒకటే: "ఏముంది, మామూలుగానే. వర్డు, ఎక్సెల్, యూట్యూబు, ఆన్‌లైన్ క్లాసులు, ఎప్పుడైనా అప్లికేషన్లు నింపుకోడానికి."

ఆ మామూలు వాడకం గురించే ఈ పోస్ట్. గేమ్స్ ఆడేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, ఆండ్రాయిడ్ స్టూడియో నడపాల్సిన బీటెక్ పిల్లలు ఇక్కడితో ఆపేయొచ్చు, వాళ్ల లెక్క వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మామూలు వాడకానికి ఒక గీత పైన ఉన్న ప్రాసెసర్ ఏదైనా సరిపోతుంది, ఆ గీత కింద ఉన్నది ఊరికే ఇచ్చినా వద్దు. చిక్కంతా ఎక్కడంటే, ఆ గీత ఎక్కడుందో ఐ3, ఐ5, ఐ7 అనే పేర్లు చెప్పవు. మన జనం మాత్రం ఆ పేర్లే పట్టుకుని కూర్చుంటారు.

మా బాబాయి సంగతే చూడండి. కొత్త ఐ3 లాప్‌టాప్ ఒకటి చూసి పెట్టుకున్నాడు, ఈలోగా తెలిసినాయన ఎవరో వచ్చి "ఐ3 ఎందుకండీ దండగ, అంతకంటే తక్కువలో నేను ఐ7 ఇప్పిస్తా, సెకండ్ హ్యాండే కానీ పీస్ కొత్తదానిలా ఉంది" అన్నాడట. బాబాయి మనసు అటు లాగేసింది. దాని సెట్టింగ్స్‌లో సిస్టమ్‌లోకి వెళ్లి అబౌట్ తెరిచి ఫొటో పంపు బాబాయ్ అంటే పంపాడు, చూస్తే అది ఐ7-7500యూ. 2016లో వచ్చిన ఏడో జనరేషన్ ప్రాసెసర్. పేరుకి ఐ7, లోపల ఉన్నవి 2 కోర్లు (అసలు పని చేసే భాగాలు), 4 థ్రెడ్లు (అవి ఒకేసారి నడపగల పనుల వరసలు). బాబాయి ముందు చూసుకున్న ఐ3-1215యూలో 6 కోర్లు, 8 థ్రెడ్లు ఉన్నాయి. ఆ ఆరింటిలో బరువు పనులకి రెండు పెద్ద కోర్లు, చిన్నాచితకా పనులకి నాలుగు చిన్నవి. ఇంకా పెద్ద ఇబ్బంది ఏంటంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల లిస్టులోనేమో ఇంటెల్ వైపు ఒకటీ అరా మినహాయిస్తే ఎనిమిదో జనరేషన్ నుంచే ఉంటుంది. అంటే ఆ ఐ7 కొంటే మొదటి రోజు నుంచే పాత విండోస్‌తో నెట్టుకురావాలి, లేదంటే అడ్డదారిలో 11 వేసుకోవాలి. అడ్డదారులు నాకు పర్లేదు. బాబాయికి వేసిస్తే మాత్రం ప్రతి అప్‌డేట్‌కీ నాకే ఫోన్ వస్తుంది.

కాబట్టి ఇంటెల్‌లో ఐ3, ఐ5 తర్వాత వచ్చే నంబర్ చదవడం నేర్చుకోండి. కష్టమేం కాదు. 8250యూ అంటే ఎనిమిదో జనరేషన్, 1215యూ అంటే పన్నెండు, 1315యూ అంటే పదమూడు. చివర ఉన్న యూ అంటే తక్కువ కరెంటు తాగే రకం, మామూలు వాడకానికి మనకి కావలసింది అదే. హెచ్ అని ఉంటే ఎక్కువ పవర్ లాగే రకం. ఈ మధ్య ఐ5-13420హెచ్ ఉన్న లాప్‌టాప్‌లు బడ్జెట్‌లోనే దొరుకుతున్నాయి, మంచి ప్రాసెసరే, 8 కోర్లు, కానీ ఎక్సెల్ షీట్లు చూసుకునేవాళ్లకి దానివల్ల కొత్తగా ఒరిగేది తక్కువ. ఫ్యాన్ మోత, బ్యాటరీ విషయంలో యూ రకమే నయం.

సెకండ్ హ్యాండ్ వద్దని మాత్రం నేను అనను. ఎనిమిదో జనరేషన్ దగ్గర ఇంటెల్ ఒక మంచి పని చేసింది. అప్పటిదాకా సన్న లాప్‌టాప్‌ల ఐ5లో 2 కోర్లే ఉండేవి, 2017లో వచ్చిన ఐ5-8250యూ నుంచి 4 కోర్లు, 8 థ్రెడ్లు అయ్యాయి. అందుకే సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనో, మీ ఊళ్లో రిఫర్బిష్డ్ (బాగుచేసిన పాతవి) అమ్మే షాపులోనో కంపెనీల నుంచి వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480 లాంటివి కనిపిస్తే, బ్యాటరీ బాగుంటే, మామూలు వాడకానికి హాయిగా తీసుకోవచ్చు. పక్కనే ఉండే టీ470 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ లోపల ఆరో జనరేషనో ఏడో జనరేషనో ఉంటుంది. టీ480 అని రాసి ఉన్నా సరే, నంబర్ మీరే స్వయంగా చూసుకోండి.

ఇంత నేర్చుకున్నాక ఇంటెల్ పేర్లే మార్చేసింది! 2023లో ఆ 'ఐ' అక్షరం తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు కోర్ 3, కోర్ 5, కోర్ 7 అనీ, పై రకానికి కోర్ అల్ట్రా అనీ వస్తున్నాయి. షాపులో "ఇది అల్ట్రా సార్, ఏఐ ప్రాసెసర్" అంటారు. దాంట్లో ఏఐ పనుల కోసం ఎన్‌పీయూ అని వేరే భాగం ఉన్న మాట నిజమే, కానీ మీరు చాట్‌జీపీటీని బ్రౌజర్‌లో వాడితే ఆ పని జరిగేది ఎక్కడో డేటా సెంటర్‌లో, మీ లాప్‌టాప్‌లో కాదు. ఆ మాట నమ్మి ఎక్కువ పెట్టకండి. కోర్ 3 100యూ లాంటిది దొరికితే అది పాత ఐ3 వరసలోదే, మామూలు పనులకి చక్కగా సరిపోతుంది.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్లలో ఇంకో రకం తిరకాసు. 7000 సిరీస్‌లో మొదటి అంకె ఏ సంవత్సరం మోడలో చెబుతుంది, లోపల ఉన్న కోర్ ఏ కాలం నాటిదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3 కోర్లు (జెన్ అనేది ఏఎండీ కోర్ డిజైన్ పేరు), అవి 6, థ్రెడ్లు 12. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే అంతకు ముందు తరం జెన్ 2, కోర్లు 4, థ్రెడ్లు 8. రెండిటి మీదా రైజెన్ 5 అనే స్టిక్కరే ఉంటుంది, నంబర్లో ఒక్క అంకె తేడా, లోపల మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. ఇక రైజెన్ 3 7320యూ చూస్తే అందులోనూ జెన్ 2 కోర్లు 4, థ్రెడ్లు 8. అంటే 7520యూకీ దీనికీ స్పీడులో కొద్దిపాటి తేడా తప్ప మిగతాదంతా ఒకటే. మా కజిన్ "రైజెన్ 3 కంటే రైజెన్ 5 మేలు కదన్నా" అని 7520యూకి ఎక్కువ పెట్టబోతుంటే ఆపాను. మామూలు వాడకానికి 7320యూ చెడ్డదేం కాదు, కాకపోతే దానికి పడే ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్ బోర్డుకే సోల్డర్ అయి (టంకంతో అతికి) వస్తుంది. 8 జీబీతో కొంటే ఆ లాప్‌టాప్ బతికున్నన్నాళ్లూ 8 జీబీయే.

ఇప్పుడు గీత కింద ఉన్న వాటి సంగతి. సెలెరాన్ ఎన్4020, అథ్లాన్ సిల్వర్ 3050యూ, ఇలాంటివి. రెండు కోర్లు, రెండే థ్రెడ్లు. పాతవైపోయినా చవక లాప్‌టాప్‌లలో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి, ఆన్‌లైన్ సేల్స్‌లో "స్టూడెంట్ లాప్‌టాప్" అని ఊరిస్తుంటాయి. ఇలాంటి రెండు కోర్ల లాప్‌టాప్ మీద ఆంటీ వాళ్ల అమ్మాయి క్లాసు వింటుంటే పక్కన కూర్చుని చూశాను. జూమ్ నడుస్తోంది, పక్కన పీడీఎఫ్ ఉంది, క్రోమ్‌లో నాలుగు ట్యాబులు, వెనక విండోస్ తన అప్‌డేట్ ఏదో తెచ్చుకుంటోంది. సీపీయూ గ్రాఫ్ 100 దగ్గర అడ్డగీత గీసినట్టు నిలబడిపోయింది. వర్డ్‌లో టైప్ చేస్తే అక్షరాలు కాసేపాగి ఒక్కసారిగా నాలుగైదు వచ్చి పడుతున్నాయి, సార్ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. "నెట్ స్లో అన్నా" అంటుంది ఆ పిల్ల. అదే వైఫైలో ఫోన్ మీద క్లాసు శుభ్రంగా వస్తోంది. పాపం నెట్‌ని తిట్టుకుంటూ రీచార్జ్ ప్లాన్ కూడా మార్చారు.

2023లో పేర్లు సర్దేటప్పుడు సెలెరాన్, పెంటియం అనే పేర్లు లాప్‌టాప్‌లలో ఇంటెల్ తీసేసింది. వాటి బదులు ఉత్త 'ఇంటెల్ ప్రాసెసర్' అని ఉంటుంది. ఈ గుంపులో ఎన్100 అని ఒకటుంది, దాన్ని పాత సెలెరాన్లతో కలిపి తీసిపారేయకూడదు. 4 చిన్న కోర్లు, లాగే పవర్ 6 వాట్లు, యూట్యూబ్ వాడే ఏవీ1 రకం వీడియోలని విప్పి చూపించే ఏర్పాటు (డీకోడింగ్) చిప్‌లోనే ఉంది. బ్రౌజింగ్, వర్డ్, సినిమాలు, పెద్దవాళ్ల వీడియో కాల్స్, ఇంతవరకైతే నడుస్తుంది. నా గీత సరిగ్గా దీని దగ్గరే. దీనికి అన్న ఐ3-ఎన్305, 8 చిన్న కోర్లు, ఇంకాస్త నయం. పేరులో ఐ3 ఉంది కదా అని 1215యూతో సమానం అనుకోకండి, ఎన్305లో పెద్ద కోర్ ఒక్కటీ లేదు. ఎన్100 లాప్‌టాప్‌లలో చూసుకోవాల్సింది ఇంకోటుంది: ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్క్) బదులు 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ (అంతకంటే నెమ్మదైన చవక రకం స్టోరేజ్) పెట్టి, 4 జీబీ ర్యామ్‌తో సరిపెట్టేవి కొన్ని ఉంటాయి. విండోస్ 11 సొంతానికే ఆ జాగాలో చాలా భాగం ఆక్రమిస్తుంది, అవి వద్దు.

షాపుకి వెళ్లి కొనేవాళ్లకి ఒక చిన్న పని. డెమో పీస్ ఆన్ చేసి ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ నొక్కితే పైన ప్రాసెసర్ పూర్తి పేరు, కింద కోర్స్ ఎన్ని, లాజికల్ ప్రాసెసర్స్ ఎన్ని అనేది కనిపిస్తుంది. మెమరీ నొక్కితే 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది, 1 ఆఫ్ 2 అని ఉంటే రేపు ఇంకో ర్యామ్ స్టిక్ వేసుకునే వీలు సాధారణంగా ఉన్నట్టే. 'ఫామ్ ఫ్యాక్టర్' దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ఆ ర్యామ్ సోల్డర్ చేసింది, మార్చలేరు. సేల్స్ అబ్బాయి "పెంచుకోవచ్చు సార్" అంటే ఈ స్క్రీనే చూపించి అడగండి. అక్కడికక్కడే తేలిపోతుంది.

ర్యామ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, కొత్త ఐ3కీ కొత్త ఐ5కీ మధ్య తటపటాయించే వాళ్లు ఆ తేడా డబ్బుని 16 జీబీ ర్యామ్ మీద పెట్టడం మేలు. ఐ5-1235యూలో 10 కోర్లు, ఐ3-1215యూలో 6, కానీ ఆ ఎక్కువున్న నాలుగూ చిన్న కోర్లే, పెద్ద కోర్లు రెండిట్లోనూ రెండే. గరిష్ఠ స్పీడు కూడా రెండిటికీ 4.4 గిగాహెర్ట్జే. ఒక పేజీ తెరవడం, ఒక ఫైల్ సేవ్ చేయడం లాంటి పనుల్లో ఎవరికీ తేడా తెలియదు. క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచి వదిలేసే అలవాటుంటే మాత్రం 8 జీబీకీ 16 జీబీకీ తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని ప్రాసెసర్‌ని తిట్టేవాళ్లు కూడా ఆ టాస్క్ మేనేజర్‌లోనే డిస్క్ చూడండి. అక్కడ హెచ్‌డీడీ (లోపల పళ్లెం తిరిగే పాత రకం డిస్క్) అని ఉండి ఏ పనీ లేకపోయినా 100 శాతం చూపిస్తుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఇంకొన్నేళ్లు లాగొచ్చు.

స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఉన్న విండోస్ లాప్‌టాప్‌ల గురించి కూడా అడుగుతున్నారు. బ్యాటరీ బాగా వస్తుంది, బ్రౌజర్, ఆఫీస్‌కి ఇబ్బంది లేదు. కానీ అవి ఏఆర్ఎమ్ రకం, ఇంటెల్, ఏఎండీల కంటే వేరే పద్ధతిలో పనిచేసే ప్రాసెసర్లు. ఇంటెల్ కోసం రాసిన మామూలు సాఫ్ట్‌వేర్‌ని అనువదించుకుని నడుపుతాయి, డ్రైవర్లని (ప్రింటరు లాంటి పరికరాలని నడిపించే సాఫ్ట్‌వేర్) మాత్రం అలా నడపలేవు, ఏఆర్ఎమ్ కోసం తయారు చేసిన డ్రైవరే ఉండాలి. పాత ప్రింటరు, జీఎస్టీ కోసం వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెను, ఆధార్ వేలిముద్ర మెషిను, ఇలాంటివి తగిలించే పని ఉంటే కొనే ముందే ఆ కంపెనీని అడగాలి. డీటీపీ పని చేసేవాళ్లు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లు అయితే ఆ దారికే వెళ్లకండి, ఇంటెలో రైజెనో తీసుకుని ప్రశాంతంగా ఉండండి. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎమ్1 2020లో వచ్చింది, ఫ్యాన్ కూడా లేదు, మామూలు వాడకానికి ఇప్పటికీ బాగుంటుంది, అయితే పైన చెప్పిన ప్రింటరు, టోకెను, పేజ్‌మేకర్ లిస్టంతా దానికి కూడా వర్తిస్తుంది.

బాబాయి చివరికి ఆ ఐ3-1215యూయే తీసుకున్నాడు, ఇంకో స్లాట్‌లో 8 జీబీ వేయించాం. ఇప్పుడు ఆయన కంప్లైంట్ స్క్రీన్ మీద, పగటిపూట కిటికీ దగ్గర కూర్చుంటే ఏమీ కనబడట్లేదట. చవక లాప్‌టాప్‌లలో చాలావరకు 250 నిట్స్ (స్క్రీన్ వెలుతురు కొలత) స్క్రీన్లే ఉంటాయి. ఐ5 కోసం పక్కన పెట్టుకున్న డబ్బు మీ దగ్గర ఇంకా మిగిలి ఉంటే, 300 నిట్స్ ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం) స్క్రీన్ ఉన్న మోడల్ ఏదైనా ఉందేమో షాపులో అడిగి చూడండి.